సింగన్న ఇంటికి లక్కముద్ర

వెనకటికి కుంభగిరి రాజ్యాన్ని ధవళకేతు అనే రాజు ఏలేవాడు. తండ్రి కాలం చేయగా గద్దెనెక్కి ఎనిమిది నెలలే అయింది. మనిషి చెడ్డవాడు కాడు గానీ, తనంత తెలివైనవాడు ఏడేడు లోకాల్లో లేడని అతని నమ్మకం.

ఆ రోజుల్లో నగరంలో ఇద్దరు అన్నదమ్ములు, తండ్రికి దినాలైనా కాకముందే ఇంటికోసం తలలు పగలగొట్టుకున్నారు. ఆ సంగతి విని రాజు పదిరోజులు కూర్చుని స్వయంగా ఒక శాసనం రాశాడు. ఎవరు చనిపోయినా వారి ఇంటికీ సొత్తుకూ వెంటనే లక్కముద్ర వేయాలి. ఇది ఫలానావారికి చెందాలని పోయినవారు స్వహస్తంతో రాసిన పత్రం చూపిస్తేనే ముద్ర తీయాలి. పత్రం లేకపోతే మూడేళ్లు విచారణ. ఊరివాళ్ల నోటిమాట సాక్ష్యం కిందికి రాదు.

"ఇందులో అక్షరం మార్చడం బ్రహ్మకు కూడా తరం కాదు," అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ. పండితులంతా తలలూపారు.

నెల తిరక్కుండానే గానుగ వీధిలో సింగన్న అనే నూనెవ్యాపారి పోయాడు. అతనికి ఒక్కతే కూతురు, లచ్చమ. భర్త చనిపోయాక పుట్టింటికి వచ్చి, పదేళ్లుగా తండ్రితోపాటు గానుగ ఆడిస్తోంది. శ్మశానం నుంచి జనం తిరిగొచ్చేసరికి తలుపుకు లక్కముద్ర వేసి ఉంది. గానుగ ఇంట్లో, ఎద్దు వీధిలో ఉండిపోయాయి.

పొరుగింటి అరుగు మీద తలదాచుకుంటూ లచ్చమ నెలరోజులు కచేరీ చుట్టూ తిరిగింది. చివరికి సభకే వచ్చింది.

"మా అయ్యకు రాయడం రాదు దొరా. పత్రం నేనెక్కణ్ణించి తేను? ఆయన కూతుర్నని మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు."

"నోటిమాట చెల్లదు. మూడేళ్లు ఓపిక పట్టు," అన్నాడు రాజు.

"నేను పడతాను దొరా. ఎద్దు పట్టదు."

రాజు ముఖం చిట్లించి, ఇక వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డ మాచన లేచి నిలబడ్డాడు. అతను లచ్చమ తరఫున ఒక్క మాటా మాట్లాడలేదు.

"ప్రభూ, ఇంత గొప్ప శాసనం సగమే అమలవుతోంది. ముద్రలు పడని సొత్తు నగరంలో ఇంకా చాలా ఉంది. ఒక్కరోజు ఆ అధికారం నాకివ్వండి."

రాజు పొంగిపోయాడు. చిన్నా పెద్దా చూడకుండా ముద్రలు వేయమని అక్కడికక్కడే ఆజ్ఞాపత్రం రాయించి ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ మాచన లచ్చమతో, "రేపు కూడా ఒకసారి రా తల్లీ," అన్నాడు.

మర్నాడు రాజు సభకు వచ్చేసరికి సింహాసనానికి అడ్డంగా తాడు, తాడు మీద లక్కముద్ర. పక్కనున్న పీటకు కూడా ముద్రే.

"ఏమిటిది మాచనా?"

"ఇవి స్వర్గస్థులైన పెద్దప్రభువుల సొత్తు. తమకు చెందాలని వారు రాసిన పత్రం ఏదైనా ఉందా ప్రభూ?"

"నేను వారి ఏకైక కుమారుణ్ణి. లోకమంతా ఎరుగును."

"లోకం నోటిమాట చెల్లదు కదా ప్రభూ."

రాజు నిలబడే ఉన్నాడు. రాజు నిలబడితే ఎవరూ కూర్చోకూడదు గనక పండితులూ నిలబడ్డారు. కాసేపటికి అతను ఫలహారం తెమ్మన్నాడు. వంటశాలకూ ముద్ర పడిందని వంటవాడు చేతులు కట్టుకుని చెప్పాడు.

"సరే, ఆ శాసనాన్ని ఇప్పుడే మారుస్తున్నాను," అన్నాడు రాజు.

"చిత్తం. దానికి తమ వేలి ముద్రికతో ముద్ర వేయాలి. అది కూడా పెద్దప్రభువులదే ప్రభూ," అంటూ మాచన ఆ ఉంగరానికీ ముద్ర వేయడానికి లక్క తీసుకుని వినయంగా ముందుకు వచ్చాడు.

రాజు ఉంగరం వైపు చూసుకున్నాడు.

"చివరిరోజున నాన్నగారికి నోరు కూడా పెగల్లేదు," అన్నాడు మెల్లగా. "ఈ ఉంగరం తీసి నా వేలికి పెట్టి, చెయ్యి పట్టుకుని పడుకున్నారు. అప్పుడు పత్రం రాయమని ఎవరడుగుతారు మాచనా?"

"ఎవరూ అడగరు ప్రభూ. లచ్చమ కూడా అడగలేదు."

సభ చివర నిలబడ్డ లచ్చమ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రాజు ఆమెను చూశాడు, తరువాత కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్న పండితులను చూశాడు. అతనికి నవ్వు ఆగలేదు.

"బ్రహ్మకు తరం కానిది నీకు తరమైంది. ఇంతకీ దారి చెప్పు."

"పోయినవాళ్లను అడగలేం గానీ, బతికున్నవాళ్లను అడగవచ్చు ప్రభూ."

ముందుగా రాజును ఎత్తి పెంచిన ముసలి దాదిని పిలిచారు. ఆమె చెప్పిన మాట మీద సింహాసనానికి ముద్ర తీశారు. ఆ వెంటనే గానుగ వీధి పెద్దలను పిలిపించి, వాళ్ల మాట మీద సింగన్న ఇంటికి తీయించారు. ఎవరూ తగవు పెట్టని చోట ఇరుగుపొరుగు సాక్ష్యం చాలునని రాజు శాసనం తిరగరాశాడు. లచ్చమ ఎద్దును తోలుకుని తన ఇంట్లోకి వెళ్లింది.

రాజు మాచనకు నదిఒడ్డున పెంకుటిల్లూ, రెండెకరాల మాగాణీ బహుమతిగా ఇచ్చాడు.

మాచన దానపత్రం కళ్లకద్దుకుని, మళ్లీ రాజు చేతికే ఇచ్చాడు. "ప్రభూ, నా తరువాత ఇది మా ఇద్దరు ఆడపిల్లలకూ చెరిసగమని ఇందులోనే రాయించండి. తమరు మళ్లీ ఎప్పుడు శాసనం రాస్తారో తెలియదు."

రాజు కడుపుబ్బ నవ్వి, ఆ వాక్యం తన చేత్తోనే రాసి ఇచ్చాడు.