పారితేనే వేడి

"కలపరా! చెయ్యి ఆపితే చల్లారిపోద్ది, ఇంకా గట్టిగా కలుపు!"

గౌరునాయుడి కేక వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వినబడింది. స్నానాలగదిలో అతని తమ్ముడు చిట్టిబాబు బకెట్టు నీళ్ళని గరిటెతో గిరగిరా తిప్పుతున్నాడు. ఎదురుగా గోడమీద కొత్త గ్యాస్ గీజరు ఉలకదు, పలకదు.

ఆ వీధి మొత్తానికి బుర్రున్న కొంప తమదొక్కటేనని ఆ అన్నదమ్ముల ధీమా. ఉండదా మరి? ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేసేస్తారు!

గీజరు బిగించినాయన చక్కగా చెప్పే వెళ్ళాడు. "దీనికి తొట్టి లేదండి. నీళ్ళు పారుతుంటే ఆ తోపుడుకి గ్యాస్ దారి తెరుచుకుంటుంది. సెల్లులు టకటకమని నిప్పురవ్వ కొడతాయి, మంట లేస్తుంది. పైన రాగిగొట్టంలో పారుతూ పారుతూనే నీళ్ళు కాగుతాయి. నీళ్ళాగినా, సెల్లులు తీసినా మంట ఆగుద్ది. పారితేనే వేడి! కిటికీ మాత్రం మూయకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది."

అంతే, చిట్టిబాబు కిటికీ రెక్కలు ఊడబీకి అటకెక్కించాడు. "ఇక మూద్దామన్నా మూయలేం అన్నయ్యా!"

ఈ హడావుడంతా బావగారు సన్యాసిరావు కోసం. మూడేళ్ళ కిందట ఈ ఇంట్లో చన్నీళ్ళు పోశారని అలిగి వెళ్ళిన మనిషి, ఇవాళే మళ్ళీ గడప తొక్కాడు. వేణ్ణీళ్ళు పడందే మెతుకు ముట్టడు. ఈసారీ తినకుండా లేస్తే ఇక రాకపోకలు కట్!

గౌరునాయుడి భార్య అప్పలనరసమ్మ తొంగిచూసింది. "మీ బకెట్టు సంగతి దానికేం తెలుస్తుంది? దాని కుళాయి తిప్పండి!"

ఆమె తెలివికి ఇద్దరూ ముక్కున వేలేసుకున్నారు. తిప్పారు. నీళ్ళొచ్చాయి, మంట లేదు.

"టకటక ఏదిరా? సెల్లులెయ్యలేదా?"

"టకటకలాడే సెల్లులు మన గడియారంలో ఉన్నాయిగా!"

ఇంకేముంది, పాత గోడ గడియారంలోని లావు సెల్లులు గీజర్లోకొచ్చాయి. గుప్పున మంట! బావగారు సబ్బు రుద్దుకుంటుంటే, రెక్కల్లేని కిటికీలోంచి వీధిలో జనం, "ఎప్పుడొచ్చారండీ?" అని పలకరింపులు. పాపం, అందరికీ దణ్ణాలు పెడుతూనే రుద్దుకున్నాడు.

ఇక్కడేమో ఆకలి. గడియారం ఒంటిగంట చూపిస్తే గానీ ఆ ఇంట్లో విస్తరి వెయ్యరు. ముల్లు పన్నెండుంబావు దగ్గరే కూర్చుంది.

"పొద్దు కదలదేంట్రా?"

"దాని సెల్లులు మనం లాక్కుంటే ఎలా కదులుద్ది?" అంటూ చిట్టిబాబు పరుగెత్తి సెల్లులు గీజర్లోంచి లాగేసి, గడియారంలో పెట్టేశాడు.

"ఓరి నాయనోయ్! చన్నీళ్ళు!"

నురగతోనే బావగారు బయటికొచ్చాడు. "నేను పోతున్నా!"

అప్పలనరసమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన అలగడం, వీళ్ళు బతిమాలడం, సాగి సాగి ముల్లు ఒంటిగంటకి చేరింది. అప్పుడు గౌరునాయుడికి తట్టింది.

"సగం స్నానం వేణ్ణీళ్ళే కదా బావా? సగం కడుపుకే తిను!"

సన్యాసిరావు ఆలోచించాడు. "న్యాయమే," అని వసారాలో విస్తరి ముందు కూర్చున్నాడు. ఓ ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. "చారు చల్లగా ఉందే?"

"పారితేనే వేడి!" అంటూ గౌరునాయుడు చారు గిన్నె వసారా ఆ చివర బోర్లించేశాడు. చారు పారుకుంటూ వచ్చింది. బావగారు వేలు ముంచి నాకాడు.

"ఊఁ... గోరువెచ్చగా ఉంది. ఇంకాస్త దూరం పారనివ్వండి."

అంతే, నలుగురూ విస్తళ్ళు ఎత్తుకుని వీధి అరుగు మీదికి జరిగి, చారు వచ్చే దారి చూస్తూ, హాయిగా భోజనానికి కూర్చున్నారు.