పైడమ్మ గుడ్లు, నక్క తెచ్చిన నెమళ్లు

గుడ్లు పొదిగించే హేచరీ ఒకటి మూతపడి మనుషులు వెళ్లిపోతే, ఆ షెడ్డులో జంతువులు కాపురం పెట్టాయి. వాటిలో పైడమ్మ అనే బాతు ఉంది. దానికి నోరు పెద్దది, కాలు ఒకచోట నిలవదు. చెరువు కనిపిస్తే గుడ్ల సంగతే మరిచిపోతుంది. అందుకే బాతు గుడ్లను కోడి కింద పెట్టి పొదిగించడం అక్కడి ఆనవాయితీ. ఈ ఏడు కోళ్లు మొండికేశాయి. మేం పొదిగిన పిల్లలు గబుక్కున నీళ్లలోకి దూకుతుంటే గట్టు మీద మా గుండెలు ఆగిపోతున్నాయి, ఇక మావల్ల కాదు అనేశాయి.

పైడమ్మ తన గుడ్లన్నీ పొదిగే పెట్టెలో పెట్టుకుంది. పెట్టె చల్లబడితే బల్బు వెలిగించడం, వేడెక్కితే ఆర్పడం ఒక పాత కంప్యూటర్ పని. అది మారు మాట్లాడకుండా చేసుకుపోతోంది.

ఇంతలో గవరయ్య అనే గుంటనక్క వచ్చి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఊరికే ఎక్కిస్తానంది, ఎక్కించింది. తెర మీద నెమళ్లు ఆడాయి, జలపాతాలు దూకాయి. అందరితోపాటు పైడమ్మ కూడా నోరు తెరుచుకుని చూసింది. తీరా పెట్టె తడిమితే చల్లగా తగిలింది. కంప్యూటర్ ఫ్యాను రొప్పుతోంది గానీ బల్బు వెలగడం లేదు. ఒక కోడిపెట్ట జాలిపడి గుడ్ల మీద కూర్చుంది, అదీ ఆ ఒక్క రోజుకే.

"తప్పు నా సిస్టమ్‌ది కాదమ్మా, నీ కంప్యూటర్‌ది. ముసలిదైపోయింది, మెమరీ చాలడం లేదు. మా బొరియలో కొత్తది ఉంది, గుడ్లు అక్కడికి పంపించు" అంది నక్క.

అన్నీ తలలూపాయి. పైడమ్మ మాత్రం ఊపలేదు. నక్క బొరియలోకి వెళ్లిన గుడ్డు పిల్లై తిరిగొచ్చిందా ఎప్పుడైనా?

"నిన్నటిదాకా నా గుడ్లను కాచింది ఈ కంప్యూటరే గదా గవరయ్యా. అది మారలేదు, లోపల పెత్తనం మారింది" అంది.

పెద్దరికం చేసే బసవయ్య ఎద్దుకు ఈ మాట నచ్చింది. తేల్చడానికి పందెం పెట్టింది. షెడ్డులో అచ్చం అలాంటి కంప్యూటరే ఇంకొకటి ఉంది. దాంట్లో పైడమ్మ తరఫున ఒక పావురం తెచ్చిన తేలిక సిస్టమ్ ఎక్కించారు. బొమ్మల్లేవు, నల్లటి తెర మీద నాలుగు అక్షరాలు, అంతే. రెండింటికీ చెరో ఖాళీ పెట్టె తగిలించారు. ఎండ వాలాక మొదలుపెట్టి, పొద్దు గుంకేలోగా ఏది వెచ్చగా ఉంచితే దానిదే గెలుపు. బాతు ఓడితే గుడ్లు బొరియకే.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే పైడమ్మ చెరువులో మునిగొచ్చింది. అప్పుడే నక్క షెడ్డులోంచి బయటికొస్తోంది. లోపల ఎలుకలున్నాయేమోనని చూశానంది.

పందెం మొదలైంది. పైడమ్మ కంప్యూటర్ లేవడానికి తటపటాయించింది. కాసేపటికి అది లేచింది. బల్బు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. అవతల నెమళ్లు పురి విప్పుతూనే ఉన్నాయి, బల్బు సంగతి చూసే తీరిక ఆ కంప్యూటర్‌కు లేకపోయింది.

పొద్దు గుంకుతుంటే ఎద్దు రెండు పెట్టెల్లోనూ మూతి పెట్టి చూసింది. పైడమ్మది కోడి రెక్క కింద ఉన్నంత వెచ్చగా ఉంది. నక్కది చెరువు గట్టులా చల్లగా ఉంది.

నక్కకు ఒళ్లు మండిపోయింది. "ఇదెలా కుదురుతుంది? దాని మెమరీలో సగం పీకి నా దాంట్లో పెట్టాను కదా" అనేసి, నాలుక కరుచుకుంది.

ఎద్దు కొమ్ముతో కంప్యూటర్ల మూతలు లేపి చూస్తే మాట నిజమే. అది కొమ్ములు వంచి నక్క మీదికి కదిలింది.

"ఆగు బసవయ్యా, ఆ సగం దాన్నే ఉంచుకోమను. మిగిలిన సగంతోనే నాకు పని జరిగిపోయింది" అంది పైడమ్మ.

షెడ్డు రేకులు అదిరేలా నవ్వాయి అన్నీ. నక్క తోక ముడిచి వెళ్లిపోయింది. పైడమ్మ గుడ్లు మళ్లీ వెచ్చటి పెట్టెలోకి చేరాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చిన రోజున అది వాటిని వెంటేసుకుని, కోళ్లన్నీ చూస్తుండగా మెడ నిక్కించి చెరువులోకి దిగింది.

నీతి: ఆర్భాటానికి ఎంత ఇచ్చినా చాలదు, పనికి ఉన్నదే సరిపోతుంది.