భోగిమంట తప్పించుకున్న పెట్టెలు

మీ తాతల తాతలు ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టుకునే కాలంలో, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో సన్యాసమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరుగుతూ అమ్ముకునేది. పేరుకే సన్యాసమ్మ. మూతున్న పెట్టె కంటపడితే మాత్రం వదిలేది కాదు.

భోగి వచ్చిందంటే ఊరంతా పాత చెక్కసామాను తెచ్చి మంట కోసం కుప్ప పోసేవారు. అందులోంచి ఆమె లక్క భరిణెలు, నగిషీల పెట్టెలు ఏరి కొంగున కట్టుకుపోయేది. ఉత్త పెట్టెలు నీకెందుకే అని జనం నవ్వితే ఒకటే మాట అనేది.

"ఉత్త పెట్టె ఎక్కడుంటాది? మూత తీసి వోసన సూడు."

ఎవరూ చూడలేదు. మొగుడు అప్పలసామి అసలే చూడలేదు. గుడిసె నిండా పెట్టెలే, మంచం మీదా పెట్టెలే. పాపం, అతను ముడుచుకునే పడుకునేవాడు.

ఒక ఏడు చేపలు పడలేదు. రెండో ఏడు వాన పడలేదు. మూడో ఏడు రెండూ పడలేదు. భోగికిచ్చింది వెనక్కి తీసుకుంటే ఊరికి అరిష్టమని, ఇదంతా ఆమె వల్లేనని అన్నారు. ఊరిపెద్ద జగ్గునాయుడు ఆ భోగికి ఆమె పెట్టెలన్నిటినీ మంట దగ్గరికి మోయించాడు. సన్యాసమ్మ పెట్టెల వెనకే వచ్చింది.

"తగలెట్టండి బాబూ. ఒక్కపాలి మూత తీసి వోసన సూడండి, అంతే" అంది.

సరే, ముసలిదాని ముచ్చట అనుకున్నారు. మొదటి పెట్టె తెరిస్తే జవ్వాది గుప్పుమంది. అది తన పెళ్ళినాటి భరిణె అంటూ ఒకామె లాక్కుంది. రెండో పెట్టెలో లవంగాల వాసన. అమ్మ పంటినొప్పికి మందు తీసేది ఇందులోంచే అని ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. మూడోది నల్లపెట్టె. కిందటేడు దాన్ని కుప్పలో పారేసింది నాయుడే. విసుగ్గా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తేయాకు వాసన. వాళ్ళ నాన్న బర్మాలోని రంగం నుంచి ఓడ దిగినప్పుడల్లా ఆ పెట్టెలోనే తేయాకు తెచ్చేవాడు. మనిషి పోయి ఎన్నో ఏళ్ళయినా, ఇంగువ కట్టిన గుడ్డలా పెట్టెకు వాసన పోలేదు.

"మా అయ్య" అన్నాడు నాయుడు. మూత వేసి పెట్టెను చంకన పెట్టుకున్నాడు.

ఇక చూడాలి, నాదంటే నాదని జనం ఎగబడ్డారు. మంటకు కట్టె మిగల్లేదు. అప్పలసామి సంబరంగా వెళ్ళి తన కుక్కిమంచం తెచ్చి వేశాడు. కాళ్ళు చాపుకోవడానికి ఇప్పుడు ఇల్లంతా ఉంది మరి. ఆ ఏడు వాన పడిందా అంటే, పడింది. పడక ఎక్కడికి పోతుంది?

సన్యాసమ్మ పోయాక ఆమె గుడిసెలో ఒక్క పెట్టె దొరికింది. అది ఎప్పుడూ ఎండుచేపల గంపలోనే పెట్టుకు తిరిగిన ఆమె సొంత వక్కల పెట్టె. దాన్ని ఊరు దాచుకుంది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మూత తీసి వాసన చూడనిదే ఏ పెట్టెనూ భోగిమంటలో వెయ్యరు. మంట అంటించే ముందు ఆ వక్కల పెట్టె చేతులు మారుతుంది. ఒక్కొక్కరే మూత తీసి, ఎండుచేపల కంపుకు ముక్కు మూసుకుని నవ్వుతారు. అప్పుడు అందరిలోకీ పెద్దవాళ్ళు ఒక మాట అంటారు.

"సన్నేసమ్మ వొచ్చేసినాది. ఇంక అంటించండి."