అరవై నాలుగు పలకలు

సముద్రపు ఒడ్డున కొండ మీది వాతావరణ పరిశోధనశాలలో పరాంకుశం అనే ఇంజనీరు ఉండేవాడు. చీపురుపుల్ల కదలాలన్నా తననే అడగాలనే రకం.

తుఫాను దారి లెక్కగట్టడానికి ఆయన ఒక కంప్యూటర్ కట్టాడు. సముద్రాన్ని అరవై నాలుగు గళ్లు చేసి, ఒక్కో గడి ఒక్కో ప్రాసెసర్‌కు అప్పగించాడు. గాలి గడి దాటి పక్క గడిలోకి పోతుంది కదా, అందుకని ప్రతిదానికీ పక్కదాని అంకెలు కావాలి. ఆయనేమో అన్నిటి మీదా ఒక పెద్ద ప్రాసెసర్‌ను కూర్చోబెట్టాడు. ఏ అంకె కదిలినా దాని గుండానే కదలాలి.

ఆయన దగ్గర పనిచేసే నూకరత్నం జాలరిపేట అమ్మాయి.

"సార్, పక్కపక్క వాటిని తీగలతో కలిపేద్దాం. మావాళ్లు ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు ప్రతిసారీ పెద్దను అడగరు. తాడులో పక్కవాడి చెయ్యి తెలుస్తుంది, అది చాలు" అంది.

"చేపలు పట్టడం వేరు, లెక్కలు కట్టడం వేరు" అన్నాడు పరాంకుశం.

కార్తీకంలో ఒక ఉదయం తుఫాను పుట్టింది. నూకరత్నం తండ్రి పడవ అప్పటికే సముద్రంలో ఉంది. తుఫాను ఎటు తిరుగుతుందో తేలితే గానీ ఏ రేవుకు పారిపోవాలో తెలియదు. మధ్యాహ్నమైనా యంత్రం జవాబు చెప్పలేదు. నూకరత్నం భయంతో కిటికీ వదలలేదు.

యంత్రం హోరు వింటూ పరాంకుశం కుర్చీలోనే మగతలోకి జారాడు. నీటి అడుగున ఉన్నట్టు పచ్చని వెలుగు నిండిన గది. అరవై నలుగురు పలకలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. వరుస చివర బల్ల దగ్గర కూర్చున్నది తానే.

"లెక్కకు కావలసిన అంకె పక్కవాడి పలక మీదే ఉందిగా, చూసుకోవచ్చుగా?" అని ఒకణ్ణి అడిగాడు.

"మీరు చూడనివ్వరు కదండీ" అన్నాడు అతను మెల్లగా.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే మరి. పరాంకుశం ఉలిక్కిపడి లేచాడు.

"అమ్మాయ్, తీగలు తీసుకురా" అన్నాడు.

ఇద్దరూ పక్కపక్క ప్రాసెసర్లను కలిపారు. గంటలో జవాబు వచ్చింది. తుఫాను ఉత్తరానికి తిరుగుతోంది. రేడియోలో కబురు అందుకుని పడవలు దక్షిణపు రేవుకు మళ్లాయి.

పొద్దువాలే వేళకు నూకరత్నం తండ్రి ప్రాణాలతో రేవు చేరాడు. పరాంకుశంతో కలిసి ఎదురువెళ్లిన కూతుర్ని పట్టుకుని ఏడ్చాడు. బరువు తగ్గించుకోవడానికి వలలు కోసి సముద్రంలో వదిలేశాడట.

"పొద్దున్నే చెప్పుంటే వలలు దక్కేవి బాబూ" అన్నాడు, కోపం లేకుండా. పరాంకుశం సిగ్గుతో తల దించుకున్నాడు.

సముద్రం నెమ్మదించాక ఒడ్డున పెద్దవల లాగుతుంటే, ఆయన కూడా వెళ్లి తాడు పట్టుకున్నాడు. పక్కవాడి చెయ్యి తెలిసింది.

పదిమందికి పని పంచితే చాలదు, వాళ్లు ఒకరినొకరు అడిగి తెలుసుకునే వీలు కూడా ఇవ్వాలి. లేకపోతే పంచిన పని పంచనట్టే.