మూడో అంతస్తులో పోలినాయుడు

మా గురువు జగ్గారావు గారు ముప్పై ఏళ్ళు విశాఖపట్నంలో ఇళ్ళ బ్రోకరు. ఈ మాట చెప్పగానే నవ్వేవాళ్ళు నవ్వుతారు. "బ్రోకరు దగ్గర వేదాంతమా? కమిషనెంతేటి?" అని మా బావమరిది ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పదిమంది ముందు అంటాడు. అననీండి, అతని నోరు అతనిది. గోపాలపట్నంలో గురువుగారి మేడ మీది గదిలో ఆదివారం పొద్దున ఏడెనిమిది మందిమి చేరతాం. అక్కడ కాషాయం లేదు, పాదపూజ లేదు, విభూతి పొట్లాలూ లేవు. ఎవరేమడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు. చొక్కా జేబులోంచి ఒక పది రూపాయల బిళ్ళ తీసి చాప మీద పెడతారు. కాసేపు దాన్నే చూస్తారు. మాట్లాడేది ఆ తర్వాతే. అదేదో మహిమ గల బిళ్ళ అనుకుని మేమెవరమూ దాని సంగతి అడగలేదు.

కిందటి వైశాఖంలో ఒక ఆదివారం త్రినాథ్ ఒక ప్రశ్న వేశాడు. నలభై దాటిన మనిషి, టెలిఫోను ఆఫీసులో ఉద్యోగం. ఏదీ సూటిగా అడగడు, ఊరంతా తిరిగి ఇంటికొస్తాడు. ఆ రోజు మాత్రం మేం కూర్చోకముందే అడిగేశాడు.

"గురువుగారూ, సీతమ్మధారలో మా ఫ్లాటు అమ్ముతున్నామండి. రేపు చూడ్డానికి వస్తున్నారు. కొనేవాడు నోరు తెరిచి అడగని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలా? కాసేపు కనబడకుండా ఉంచితే తప్పా?"

"గోడకి చెమ్మొచ్చిందేమో, రంగేయించవోయ్!" అన్నాను నేను. అందరూ నవ్వారు. గురువుగారు నవ్వలేదు. బిళ్ళ తీసి చాప మీద పెట్టారు. ఆ పూట ఆయన చెప్పినది నాకు చాతనైనట్టు ఇక్కడ చెబుతున్నాను.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. అక్కయ్యపాలెంలో ఒక పాత అపార్ట్‌మెంటు, మూడంతస్తులు, లిఫ్టు లేదు. పైన మూడో అంతస్తులో పోలినాయుడు, ఆయన భార్య వరహాలమ్మ ఉండేవారు. పోలినాయుడు ముప్పై మూడేళ్ళు పోర్టులో క్రేను నడిపిన మనిషి. రిటైరైన నాలుగో ఏట పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట ముద్దైంది. రెండేళ్ళుగా ఆ మెట్లు దిగలేదు. మంచం దగ్గరి కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. గుండె కూడా బలహీనపడింది, ఎంతకాలమో చెప్పలేమని డాక్టరు అనేశాడు. పోలినాయుడు భార్యని కోరింది ఒక్కటే. "ముప్పై మూడేళ్ళు గాల్లో కూకుని పని చేశాను వరాలూ. ఆఖరి రోజులైనా నన్ను నేల మీద కూకోబెట్టు."

వరహాలమ్మ వెతికి వెతికి భీమిలిలో ఒక ఇల్లు చూసింది. రెండు గదులు, ముందు అరుగు, అరుగు దిగితే ఇసుక. ఆషాఢం లోపల డబ్బు ముడితే ఆవిడకే ఇస్తానని, లేకపోతే వేరేవాళ్ళున్నారని ఆ ఇంటాయన ఖరాఖండిగా చెప్పాడు. ఇది అమ్మితేగాని అది రాదు. ఆషాఢం వచ్చిందంటే ఇల్లు కొనేవాడు ఊళ్ళో దొరకడు. చేతిలో నలభై రోజులు కూడా లేవు. ఫ్లాటు ఆవిడ పేరునే ఉంది. జగ్గారావు గారికి కబురు పెట్టింది.

ఆయన వెళ్ళి చూశారు. తూర్పు ముఖం, మంచి వెలుతురు, నీళ్ళకి లోటు లేదు. హాల్లో ఫ్యాను కింద మంచం, మంచం మీద పోలినాయుడు. అప్పుడే జగ్గారావు గారికి బేరం కష్టమని తెలిసిపోయింది. పోయేలా ఉన్న మనిషి ఉన్న ఇంటిని మన ఊళ్ళో ఎవరు కొంటారు? ఏ నక్షత్రంలో పోతాడో, ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలో అక్కర్లేదో, ఈ లెక్కలన్నీ వాళ్ళ బుర్రల్లో తిరుగుతాయి. అందుకని ఆవిణ్ణి పక్కకి పిలిచి మెల్లిగా చెప్పారు. "అమ్మా, కొనేవాళ్ళు వచ్చి చూసే అరగంటా నాయుడుగారిని కిందికి దింపుదాం. మళ్ళీ ఎక్కించేద్దాం. ఎవరికీ నష్టం లేదు."

ఆవిడకి మనసొప్పలేదు. మంచం మీంచి పోలినాయుడే, "దింపండి, దింపండి. భీమిలి ఎల్లాలి కదా" అన్నాడు.

నలుగురు కూలివాళ్ళు వచ్చారు. ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో కట్టి, మూడంతస్తులూ మోసి కింద పార్కింగులో స్కూటర్ల మధ్య దింపారు. వంటగది చూపించాలి గనక వరహాలమ్మ పైనే ఉండిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు గాజువాకలో బట్టల కొట్టున్న దంపతులు. ఇల్లు వాళ్ళకి తెగ నచ్చేసింది. "ఇల్లు కళగా ఉందండీ. ఇంట్లో అంతా ఆరోగ్యంగా ఉన్నారు కదా?" అని అడిగిందా ఇల్లాలు. "నిక్షేపంగా ఉన్నారు" అన్నారు జగ్గారావు గారు. ఆ దంపతులు అక్కడికక్కడే అడ్వాన్సు కూడా ఇచ్చారు.

కిందికి దిగాక బట్టల కొట్టాయన పార్కింగులో ఆగాడు. మూతి వంకర పోయి, చొంగ కారుతూ, తువ్వాలుతో కట్టేసి ఉన్న ముసలాయన కనిపించాడు. కొట్టాయన చెడ్డవాడేం కాదు, జాలి గల మనిషే. జేబులో చెయ్యి పెట్టి పది రూపాయల బిళ్ళ తీశాడు. ఆ రోజుల్లో మన కొట్లవాళ్ళు ఆ బిళ్ళలు చెల్లవంటూ తీసుకునేవారు కాదు గదా, అందరూ వాటిని ధర్మం చెయ్యడానికి దాచేవారు. దాన్ని పోలినాయుడి ఎడమ చేతిలో పెట్టి, "ఉంచుకో తాతా" అన్నాడు. పోలినాయుడు బిళ్ళ వైపు చూశాడు, తర్వాత జగ్గారావు గారి వైపు చూశాడు. జగ్గారావు గారు రెండడుగుల దూరంలోనే ఉన్నారు. నోరు మెదపలేదు.

ఇక్కడికి వచ్చేసరికి గురువుగారు ఆగి మంచినీళ్ళు తాగారు. "ఒక్క మాట చాలు గదా నాయనా, ఈయన ఈ ఇంటాయన అని. అడ్వాన్సు పోతుందని నోరు రాలేదు. సిగ్గులేని నోరు" అన్నారు.

మాట వచ్చింది వరహాలమ్మకి. వాళ్ళ వెనకాలే మెట్లు దిగుతూ ఆవిడ అంతా చూసింది. గబగబా వచ్చి అడ్వాన్సు కవరు బట్టల కొట్టాయన చేతిలో పెట్టేసింది. "ఇది మీ డబ్బు. మీరు ధర్మం చేసిన మనిషి ఈ ఇల్లు కొన్న మనిషి. మా ఆయన" అంది. కొట్టాయన "అయ్యో, తెలీక అమ్మా" అంటూ నీళ్ళు నమిలాడు. ఆయన భార్య మాత్రం, "జబ్బు మనిషిని దాచి ఇల్లమ్ముతారా? అన్యాయం!" అని కేకలేసింది. ఆవిడ మాటా అబద్ధం కాదు. వాళ్ళు వెళ్ళిపోయారు.

అప్పుడు వరహాలమ్మ భర్త మూతి తుడిచి, జగ్గారావు గారి వైపు తిరిగింది.

"బాబూ, ఇల్లమ్మాలి. ఆషాఢం లోపలే అమ్మాలి. ఈయన్ని మాత్రం ఇక ఈ మెట్లు దింపేది ఒక్కసారే, భీమిలి ఎల్లినప్పుడు. ఈలోపల దింపమని ఎవడన్నా ఊరుకోను. నీకు చాతనవుద్దా, ఇంకొకర్ని చూసుకోనా?"

మర్నాడు ఆయన ఇల్లు చూసేందుకు మరో పార్టీని వెంటబెట్టుకుని వెళ్ళారు. చూస్తే మంచం జరిగి సింహద్వారానికి ఎదురుగా ఉంది. పోలినాయుడికి గడ్డం గీసి, మల్లెపువ్వులాంటి పంచె కట్టి, చొక్కా తొడిగి, దిండు కానించి కూర్చోబెట్టిందావిడ. తలుపులు రెండూ బార్లా తీసి, "ఈయన మా ఆయన పోలినాయుడు గారు. పోర్టులో క్రేను నడిపేవారు. రండి, వంటగది చూద్దురుగాని" అంది. వచ్చినవాళ్ళు చెప్పులు కూడా విడవకుండా గడప దగ్గర్నుంచే తిరిగి వెళ్ళిపోయారు.

ఆ మూడు వారాల్లో పదమూడు పార్టీలు వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ళకీ అదే తలుపు, అదే మాట. ఒకాయన పోలినాయుడి జన్మనక్షత్రం అడిగాడు. ఇంకొకాయన సగం ధరకైతే చూస్తానన్నాడు. మరొక పెద్దమనిషి, "ఆ కార్యక్రమం ఏదో అయ్యాక, శాంతి చేయించాక కబురు పెట్టండి" అన్నాడు. మంచం పక్కనే నిలబడి అన్నాడా మాట! దానికి పోలినాయుడు, "అమ్మేది ఇల్లే బాబూ. దాంతోపాటు నన్నివ్వరు, భయపడకు" అన్నాడు, ముద్దముద్దగా.

జగ్గారావు గారు బతిమాలారు, కోప్పడ్డారు, భీమిలి చెయ్యి జారిపోతుందని భయపెట్టారు. ఆవిడకి భయం లేక కాదు. వంటగదిలోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది. వచ్చి ఒక్కటే మాట అనేది. "రేపు ఇంకొకర్ని తీసుకురా."

ఆషాఢానికి పది రోజులుందనగా పద్నాలుగో పార్టీ వచ్చింది. కూర్మారావు, అతని భార్య. అతను ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబు అసిస్టెంటు, పంతొమ్మిదేళ్ళుగా అద్దె ఇళ్ళు మారుతున్నవాడు. వరహాలమ్మ తలుపులు తీసి తన మాట తను చెప్పింది. కూర్మారావు వంటగది వైపు వెళ్ళలేదు. మంచం దగ్గరే నిలబడి, తటపటాయించి, చివరికి అడిగాడు.

"అమ్మా, అనకూడదు గానీ... ఈయనకి ఏదైనా అయితే, ఇక్కడివాళ్ళు ఇంట్లో ఉంచనిస్తారా?"

ఈ బేరం కూడా పోయిందని జగ్గారావు గారు కళ్ళు మూసుకున్నారు.

"ఉంచనివ్వడానికి వాళ్ళెవరు? ఇల్లు మాది. ఈ హాల్లోనే పడుకోబెడతాను. ఈ తలుపులోంచే ఎల్తారు" అంది వరహాలమ్మ.

కూర్మారావు ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. అతని భార్య కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "మేం కొంటామండి" అంది.

"గదులు చూడరా?" అన్నారు జగ్గారావు గారు బిత్తరపోయి.

అప్పుడు చెప్పాడు కూర్మారావు. "పోయినేడు మా నాన్న ఆసుపత్రిలో పోయాడండి. ఇంటికి తెస్తే ఇంటివాళ్ళు గేటు తాళం తియ్యలేదు. అద్దెకున్నవాళ్ళ శవం మా ఇంట్లో పెట్టడానికి లేదన్నారు. రోడ్డు పక్కన ట్రాన్స్‌ఫార్మరు కింద బల్ల వేసి పడుకోబెట్టాం. వాన. మా అమ్మ ఆ వానలోనే కూర్చుంది. నన్ను కూడా రోడ్డు మీదే పెడతావా నాయనా అని ఆవిడ రోజూ అడుగుతోంది. ఎన్ని ఇళ్ళు చూశామో లెక్కలేదు. ఒక్క ఇంట్లోనూ మాకు ముసలివాళ్ళు కనబడలేదండి. అందరి ఇళ్ళూ అద్దాల్లా ఉన్నాయి. నాకు మనిషి పోవడానికి వీలున్న ఇల్లు కావాలి."

పోలినాయుడు ఎడమ చేత్తో మంచం పట్టె తట్టి, "మీ అమ్మకి ఈ మంచం ఇచ్చేస్తాను బాబూ. ఫ్యాను గాలి బాగా తగుల్తాది" అన్నాడు.

ఆషాఢానికి ఇంకా రెండు రోజులుందనగా రిజిస్ట్రేషను అయింది. ఆ మధ్యాహ్నమే నలుగురు కూలివాళ్ళు పోలినాయుడిని మెట్లు దింపారు. తువ్వాలుతో కట్టలేదు. వరహాలమ్మ పక్కనే పట్టుకుని దిగింది. జగ్గారావు గారు కూడా భీమిలి వెళ్ళారు. అరుగు మీద కూర్చోబెట్టి కాళ్ళు ఇసుకలో ఆనించేసరికి పోలినాయుడు చిన్నపిల్లాడిలా నవ్వాడట. వరహాలమ్మ అనుకున్న కమిషను అనుకున్నట్టే ఇచ్చేసింది. జగ్గారావు గారు సెలవు తీసుకుంటుండగా పోలినాయుడు ఆగమని సైగ చేసి, జేబులోంచి ఆ పది రూపాయల బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇదీ నీకే రావాలి బాబూ. ఆవేళ నువ్వు కుదిర్చిన బేరమే కదా."

"కోపంగా అని ఉంటే బాగుండును. నవ్వుతూనే అన్నాడు" అన్నారు గురువుగారు. ఆ అరుగు మీద పోలినాయుడు ఆషాఢం కూర్చున్నాడు, శ్రావణం కూర్చున్నాడు, దసరా చూశాడు. కార్తీకంలో పోయాడు. అప్పుడు కూడా ఇంటి తలుపులు తీసే ఉన్నాయట.

మహిమ గల బిళ్ళ అనుకున్నది మా ఎదురుగా చాప మీద అలాగే ఉంది. త్రినాథ్ దాని మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు.

"ఏదో లోపం అన్నావు. గోడకి చెమ్మా?" అని అడిగారు గురువుగారు.

"కాదండి" అన్నాడు త్రినాథ్. "మా అమ్మండి. మతి తప్పింది. గుమ్మంలోకి మగాడెవడొచ్చినా పోయిన మా నాన్నే అనుకుని, ఇప్పుడా రావడం, అన్నం చల్లారిపోయింది అని తిడుతుంది. రేపు ఒక్క రెండు గంటలు పక్కింట్లో కూర్చోబెట్టి, బయట గొళ్ళెం పెడదామని..."

గోడకి రంగేయించమన్న నేను ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు చూశాను. గురువుగారు బిళ్ళ తీసి జేబులో వేసుకుని, చాప మీంచి లేచారు.

"రేపు వాళ్ళొచ్చినప్పుడు" అన్నారు, "తలుపు మీ అమ్మ చేత తీయించు."