చూరుకు కట్టిన సజ్జకంకులు

అనగనగా ఒక ఊళ్ళో, మబ్బు వచ్చినట్టే వచ్చి తప్పించుకుపోయే మెట్ట ఊళ్ళో, మారెక్క అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడి పేరు ఎర్రిస్వామి. ఊ కొడుతున్నావా బంగారూ? కళ్ళు మూసుకునే ఊ కొట్టు, నాకు వినబడుతుందిలే.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. చేను కోయగానే మొదటి కంకులు కుచ్చుగా కట్టి ఇంటి చూరుకు వేలాడదీస్తారు. అవి పిచ్చుకల వంతు, మనుషులు ముట్టకూడదు. సొంత చేనివే కట్టాలి. కొన్నవీ అడిగి తెచ్చినవీ పనికిరావు. మారెక్క చూరు కింద పొద్దస్తమానం ఒకటే కిచకిచ. చెవులు చిల్లులు పడుతున్నాయని ఎర్రిస్వామి విసుక్కునేవాడు. పిచ్చిమారాజు, ఆ గోల విలువ అప్పుడు తెలియలేదు.

అప్పుడేమో ఒక ఏడు వానలు మొండికేశాయి. ఎర్రిస్వామి చేలో బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి కానీ ఉప్పనీళ్ళు. నీళ్ళు నీళ్ళే కదా అని చేను నిండా పారించాడు, పారించిందే పారించాడు. ఎండ ఆ నీళ్ళను తాగేసి ఉప్పును చేనికే వదిలేసింది. నేలంతా తెల్లగా పేరుకుపోయింది. దాన్నే చౌడు అంటారమ్మా. అందులో గింజ వేస్తే మొలకలోనే మాడిపోతుంది.

పంట లేదు, కంకులూ లేవు. పిచ్చుకలు కొన్నాళ్ళు వచ్చి బోసి చూరును చూసి, ఆ తర్వాత రావడం మానేశాయి. ఎర్రిస్వామి కూడా కొడవలిని మూటలో చుట్టుకుని, కాలవలున్న సీమకు కోతపనికి బయల్దేరాడు.

"నా చేత్తోనే చెడగొట్టినా. ఆ చేను మొగం సూడలేను" అన్నాడు. "ఉగాదికి వస్తాలే. చూరుకు మన కంకి కనబడిన్నాడు ఈ కొడవలి మల్లా ఇంట్లో పెడతా."

"నువ్వు లేకుండా కంకి యాడినుంచి వస్తాది మామా?" అంది మారెక్క. ఆయన వెనక్కి తిరగలేదు.

ఉగాదికి వచ్చాడు. గడపలో అడుగు పెట్టకముందే చూరుకేసి చూశాడు, తల దించుకున్నాడు. పండగ పచ్చడి తిని, నాలుగు మాటలు మాట్లాడి మళ్ళీ వెళ్ళిపోయాడు. మారెక్కకు ఆయన లేని ఇల్లు భరించరానిదయింది. రొట్టెలు చేసేటప్పుడు చెయ్యి అలవాటుగా ఇద్దరికీ పిండి తీసేది. సగం మళ్ళీ కుండలో పోసేటప్పుడు ఏడుపొచ్చేది.

ఏడిస్తే చౌడు పోతుందా? పోదు. ఏడుపూ ఉప్పే కదా! అందుకని ఆమె కొంగు బిగించి సజ్జలు చల్లింది. మొలకలు వచ్చాయి, వచ్చినట్టే వచ్చి ఎర్రగా మాడిపోయాయి.

అప్పుడు ఆమె మేనత్త సంజమ్మ చూడ్డానికొచ్చింది. వాళ్ళ ఊళ్ళోనూ చౌడే. కొంగులో కట్టుకొచ్చిన విత్తనాలు మారెక్క ఒళ్ళో పోసింది.

"ఇవి జీలుగలు. ఉప్పుకు బెదరవు. గట్లు ఎత్తుగా వెయ్యి, వాన నీళ్ళు చేన్లోనే నిలబెట్టు. ఆ నీళ్ళు ఉప్పును కిందికి దింపుతాయి. పూతకొచ్చిన్నాడు కనికరం లేకుండా దున్నెయ్యల్ల. పచ్చిగా మట్టిలో కుళ్ళితేనే నేలకు బలం" అంది.

మారెక్క అలాగే చల్లింది. వాన పడింది. తెల్లటి చేను పచ్చబడింది. నడుమెత్తు పెరిగి, పసుపుపచ్చని పూలు పూసింది. తుమ్మెదలు కూడా వచ్చాయి. మారెక్క గట్టు మీద కూర్చుని కళ్ళారా చూసుకుంది. దున్నాలా? ఇన్నాళ్ళకు పచ్చబడిన చేనును తొక్కించాలా? మామ ఒక్కసారి చూస్తే బాగుండు అనుకుంది. రేపు, రేపు అంటూ వదిలేసింది. ఆ రేపుల్లో జీలుగ ముదిరి కట్టెలైపోయింది. కట్టెలు మట్టిలో కుళ్ళుతాయా? పొయ్యిలోకి పనికొచ్చాయి, అంతే.

ఆ ఉగాదికీ ఎర్రిస్వామి వచ్చాడు, చూరుకేసి చూశాడు, వెళ్ళిపోయాడు. "ఈసారి చేను పూసింది మామా, కట్టెలు చూడు" అని చెప్పబోయి, ఆ కట్టెలనే పొయ్యిలోకి ఎగదోసింది.

మరుసటి ఏడు మళ్ళీ చల్లిన జీలుగ పూసింది. ఆ పొద్దున్నే మారెక్క పక్కింటి కాడెద్దులను అడిగి తెచ్చుకుంది. ఆడదానివి నాగలి పడతావా అని ఊరు నవ్వినా లెక్కచెయ్యలేదు. పూల మధ్యకు నాగలి తోలింది. తోలుతూ భోరున ఏడ్చింది. సాయంత్రానికి ఒక్క పువ్వు పైన లేదు.

ఆ తర్వాత మళ్ళీ వాన పడ్డాక సజ్జలు చల్లింది. ఈసారి మొలకలు మాడలేదు. చలి మొదలయ్యే నాటికి కంకులు వేశాయి. పంట కొంచెమే, కానీ ఆమె చేనిది! మొదటి కంకులు కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీసింది. మిగతావి నూర్చి కుండలో పోసింది.

ముందు ఒక పిచ్చుక వచ్చింది. అది వెళ్ళి చుట్టాలందరినీ పిలుచుకొచ్చింది. మారెక్కకు సంతోషమే, కానీ గుండెల్లో గుబులు. ఉగాది ఇంకా దూరం. కుచ్చు రోజురోజుకీ పలచబడుతోంది. తోలేద్దామని చెయ్యెత్తేది. వాటి వంతు కదా అని దించుకునేది. పిచ్చుకలకు ఆమె మొగుడి సంగతి ఏం తెలుసు పాపం! పండగ నాటికి ఒక్క గింజ లేదు, ఒట్టి పుల్లలే వేలాడుతున్నాయి.

ఎర్రిస్వామి వచ్చాడు. చూరుకేసి చూశాడు.

మారెక్క గబగబా ఎదురొచ్చింది. "కట్టినా మామా, మన చేనివే కట్టినా. నువ్వొచ్చేలోపల అన్నీ తినేసినాయి" అంది.

ఆయన ఆ పుల్లలను చూస్తూ నిలబడ్డాడు. చూరులోంచి కిచకిచమని ఒకటే గోల. ఈసారి విసుక్కోలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"తినేదానికే కదనే కట్టేది" అన్నాడు.

మూట విప్పి కొడవలి తీసి ఆ పుల్లల పక్కనే చూరులో దోపాడు. ఆ తర్వాత మారెక్క చెయ్యి పట్టుకున్నాడు.

"పా, చేను సూసొద్దాం."

పూతేమో మట్టికి, గింజేమో పిట్టకి, కొడవలి చూరుకి, కథేమో కంచికి, నువ్వూ నేనూ నిద్దట్లోకి.