తిప్పక్క పట్టిన మేడి

ఊ కొట్టేవాళ్లుంటే చెబుతాను. అనగనగా, మన తాతల తాతలకు కూడా ఊహ తెలియని కాలాన, నల్లరేగడి సీమలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఆడది కలుపు తీయొచ్చు, కోత కోయొచ్చు, మూట మోయొచ్చు. దున్నేవాడు పట్టుకునే నాగలి మేడి మాత్రం ముట్టకూడదు. ముడితే వాన అలిగి వెనక్కి పోతుందట. వానకు వేరే పనే లేనట్టు.

ఆ ఊళ్లో తిప్పక్కకు ఒక చేను, రెండు ఎద్దులు. మొగుడు కాలం చేశాడు. తొలకరి పడింది. నేలలో తడి పదును ఆరేలోగా విత్తకపోతే ఏడాదంతా పస్తే.

దున్నిపెట్టమని తిప్పక్క మరిది దగ్గరికి పోయింది. "మా చేను అయినాక చూస్తాంలే వదినా" అన్నాడు. పక్కచేను మద్దిలేటి దగ్గరికి పోయింది. "మా చేను అయినాక చూస్తాంలే అక్కా" అన్నాడు. ఊరిపెద్ద దగ్గరికి పోయింది. ఆయనదీ అదే మాట.

"మీ చేన్లయ్యేసరికి నా చేను ఎండిపోతాది" అంది తిప్పక్క. ఇంటికొచ్చి నాగలి కట్టింది. మేడి పట్టింది, దున్నింది, విత్తింది.

ఊరు భగ్గుమంది. ఊరిపెద్ద పంచాయితీ పెట్టాడు.

"అమాస లోపల వాన రాకుంటే నీ చేను ఊరిది. నువ్వు ఊరు ఇడిచి పోవాల."

"వస్తే?" అంది తిప్పక్క.

ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. "వస్తే నిన్ను అడిగేటోళ్లు లేరు."

ఎండలు కాశాయి. మొలకలు వాడాయి. తిప్పక్కకు ముద్ద దిగలేదు. అమావాస్య ముందురోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఇక చూడండి, కుండపోత. ఆమె చేనూ తడిసింది, ఊరిపెద్ద చేనూ తడిసింది. తిప్పక్క గట్టు మీద కూలబడి, గుండెల మీది బరువు దిగేదాకా ఏడ్చింది.

తెల్లారి, మొగుడు వదిలేసిన ఈరమ్మ వచ్చింది. ఆ వెనక ఒక తాగుబోతు పెళ్లాం వచ్చింది. మూడోది ఎవరనుకున్నారు? ఊరిపెద్ద సొంత కూతురే, విధవరాలు. "నాకూ నేర్పు తిప్పక్కా" అంది.

తిప్పక్క అందరికీ నేర్పింది. ఎద్దులు తోలుకుని పక్క ఊళ్లకూ పోయింది. ఎవరైనా అడ్డమొస్తే, ఒప్పుకునేదాకా ఆ చేను గట్టు మీదే కూర్చునేది. కన్నుమూసేదాకా అదే ఆమె పని.

ఇప్పటికీ ఆ సీమలో ఏరువాకనాడు నాగలి గీసే తొలి చాలు ఆడవాళ్లదే. దాన్ని తిప్పక్క చాలు అంటారు. అది అయ్యేదాకా మగవాళ్లు గట్టు మీదే నిలబడతారు. వాన ఆలస్యమైతే అందరూ కలిసి మబ్బును తిడతారు. ఆడదాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు.